లేని లైనుకీ ఒక అర్థం ఉంటుంది: సీరియల్ పోర్టు, డివైస్ ట్రీ, పాత బోర్డులు

రాత్రి మా బాక్సులకి లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) అప్‌డేట్ పంపాం, పొద్దున్నకల్లా మీటర్ రీడింగులు ఆగిపోయాయి. మాది చిన్న టీమ్. రైస్ మిల్లుల ప్యానెల్ బోర్డుల్లో ఒక బాక్సు పెట్టి, అక్కడున్న ఎనర్జీ మీటర్లన్నిటినీ ఒకే జత తీగల మీద ఆర్‌ఎస్-485 అనే వైరింగ్ పద్ధతిలో కలిపి, మోడ్‌బస్ అనే ప్రశ్న-జవాబు భాషలో రీడింగులు తీసుకుని సర్వర్‌కి పంపడం మా పని. బాక్సు బతికే ఉంది, 4జీ మీద లాగిన్ అవుతోంది, ప్రోగ్రామ్ నడుస్తోంది, కానీ ఒక్క మీటరూ పలకదు. మిల్లుకి వెళ్లిన మా కుర్రాడు ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి మీటర్లని నేరుగా అడిగితే అప్పుడూ జవాబు లేదు. మన బాక్సు తీగలు రెండూ ఊడదీసి మళ్లీ అడిగితే అన్నీ ఠక్కున మాట్లాడాయి. అంటే మన బాక్సు తను వినకపోవడమే కాదు, లైనంతా పట్టుకుని ఎవరినీ మాట్లాడనివ్వడం లేదు.

ఆఫీసులో బల్ల మీద అదే బోర్డు, అదే కెర్నల్, మూడు రోజులు ఆగకుండా నడిచింది. తేడా అల్లా ఒక్క ఫైల్లో ఉంది. బల్ల మీద ఉన్నది ఆ వారమే కంపైల్ చేసిన డివైస్ ట్రీ, మిల్లులో ఉన్నది బాక్సు తయారైన రోజున కెర్నల్‌ని ఎక్కించే బూట్‌లోడర్‌తో పాటు ఫ్లాష్ మెమరీలో రాసిన పాత డివైస్ ట్రీ. కెర్నల్‌ని ఇక్కడ కూర్చునే మార్చగలం, ఆ ఫైలుని మార్చే దారి మాత్రం మేం పెట్టుకోలేదు.

డివైస్ ట్రీ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. యూఎస్‌బీ పరికరాన్ని గుచ్చితే అది తనెవరో తనే చెప్పుకుంటుంది. చిప్ లోపలి సీరియల్ పోర్టుకి ఆ నోరు లేదు. అది ఏ అడ్రసులో ఉంది, ఏ ఇంటరప్ట్ (పని పడిందని ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) వాడుతుంది, క్లాక్ ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇవన్నీ కెర్నల్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పే పట్టికే డివైస్ ట్రీ. ఈ ఆలోచన సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల ఓపెన్‌బూట్‌లో పుట్టి, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణంగా వచ్చి, పవర్‌పీసీ లినక్స్ మీదుగా ఇక్కడికి చేరింది. ఆర్మ్ చిప్పుల వైపు చాలాకాలం ఒక్కో బోర్డుకీ ఒక్కో సీ ఫైలు రాసుకుంటూ పోయారు. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ విసిగిపోయి గట్టిగా తగులుకున్నాక ఆర్మ్ కూడా ఇటే తిరిగింది. మనం రాసేది డీటీఎస్, దాన్ని కంపైల్ చేస్తే వచ్చే బైనరీ డీటీబీ, బూట్‌లోడర్ దాన్ని కెర్నల్ చేతిలో పెట్టి తప్పుకుంటుంది.

ఆ డీటీబీ ఎక్కడ ఉంటుందన్న దాని దగ్గరే గొడవంతా మొదలవుతుంది. కెర్నల్‌తో పాటే వెళ్లే చోట రెండూ కలిసి మారతాయి కాబట్టి పేచీ లేదు. అందుకే చాలామంది "పాతదాన్ని ఎందుకు మోయాలి, రెండూ కలిపే పంపుదాం" అంటారు, నేనూ అలాగే అనేవాణ్ణి. కానీ డీటీబీ ఫర్మ్‌వేర్‌లో ఉండిపోయి, కెర్నల్ డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీల నుంచి వచ్చే బోర్డులున్నాయి. అదే వర్ణనని యూ-బూట్, బేర్‌బాక్స్ అనే బూట్‌లోడర్లు, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చదువుతాయి. కాబట్టి డీటీబీని పొలం దస్తావేజులా చూడాలి. తాతల నాటి కాగితంలో తూర్పు హద్దు చింతచెట్టు అని రాసి ఉంటే, ఇవాళ చెట్టు లేదు కాబట్టి పొలమే లేదని సర్వేయరు అనకూడదు. కాగితం మారదు, చదివేవాడే ఆనాటి అర్థంలో చదవడం నేర్చుకోవాలి.

లినక్స్‌లో దీనికి రాసిపెట్టిన నియమం ఉంది. 2013లో జరిగిన ఆర్మ్ కెర్నల్ సమావేశంలో అనుకున్న మాటల్ని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే పెట్టారు. సారాంశం ఏంటంటే, కొత్త కెర్నల్ పాత డివైస్ ట్రీ మీద విరగకూడదు. అలాగని వర్ణన శాశ్వతంగా గడ్డకట్టాలనీ లేదు. కొత్త ప్రాపర్టీ (పట్టికలో పరికరం గురించి రాసే ఒక్కో వివరం) చేర్చుకోండి, అది కనపడకపోతే మునుపటిలాగే నడుచుకోండి. నిజంగా పొసగని మార్పైతే కంపాటిబుల్ స్ట్రింగే (ఇది ఫలానా పరికరం అని చెప్పే పేరు) మార్చండి, డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే కెర్నల్ కోడ్) పాతదాన్నీ కొత్తదాన్నీ గుర్తుపడుతుంది. చదవగానే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కష్టమంతా ఆ "మునుపటిలాగే" అన్న మాటలో ఉంది, ఎందుకంటే మునుపు ఎలా ఉండేదో చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు, డ్రైవర్ కోడ్‌లో ఏదో ఒక ఎల్స్ కింద ఉంటుంది.

ఆర్‌ఎస్-485నే తీసుకోండి. తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా వెళ్లే రెండు తీగలు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు, మధ్యలో ఎన్నో పరికరాలు, ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. మాట్లాడేముందు, తీగల మీద సంకేతాలు పంపి అందుకునే ట్రాన్సీవర్ చిప్ మీదున్న డ్రైవ్ ఎనేబుల్ పిన్ని లేపాలి, ఆఖరి బిట్ వెళ్లాక దించాలి. ఆ పిన్ని సాధారణంగా సీరియల్ పోర్టు ఆర్‌టీఎస్ (రిక్వెస్ట్ టు సెండ్) లైనుకి కలుపుతారు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టి తలకిందులు చేసిన బోర్డులూ ఉంటాయి, కాబట్టి పంపేటప్పుడు ఆర్‌టీఎస్ పైకి వెళ్లాలా కిందికి రావాలా అన్నది బోర్డు తీగల సంగతి, అది డివైస్ ట్రీలో ఉండాల్సిందే. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు. కెర్నల్‌లో సీరియల్ డ్రైవర్లన్నీ వాడుకోడానికి ఆర్‌ఎస్-485 ప్రాపర్టీలు చదివే ఉమ్మడి ఫంక్షన్ ఒకటి ఉంది. డివైస్ ట్రీలో దిశ గురించి ఏమీ రాయకపోతే, పంపేటప్పుడు ఆర్‌టీఎస్ హై అని అది అనుకుంటుంది. తలకిందులు కావాలంటే ఆర్‌ఎస్485-ఆర్‌టీఎస్-యాక్టివ్-లో అనే ప్రాపర్టీ రాయాలి. మరోవైపు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఓమాప్ చిప్పుల పాత సీరియల్ డ్రైవర్‌లో సంప్రదాయం సరిగ్గా వ్యతిరేకం. ఏమీ రాయకపోతే లో, హై కావాలంటే ఆర్‌ఎస్485-ఆర్‌టీఎస్-యాక్టివ్-హై అని రాయాలి. ఒకటే ఖాళీ, రెండు డ్రైవర్ల దగ్గర రెండు అర్థాలు. ఏది బాగుందని ఇప్పుడు వాదించి లాభం లేదు, రెండు రకాల బోర్డులూ బయట తిరుగుతున్నాయి, రెండు అర్థాల్నీ కాపాడాల్సిందే.

మా చిప్ డ్రైవర్ ఆ రెండో సంప్రదాయంలో రాసినది. మా మొదటి బోర్డుకి డిఫాల్టే సరిపోయింది కాబట్టి దిశ గురించి డీటీఎస్‌లో ఏమీ రాయలేదు, రాయాలని ఎవరికీ తట్టలేదు కూడా. తర్వాత కొత్త బోర్డు వచ్చింది, దానికి టర్మినేషన్ రెసిస్టర్‌ని (లైను చివరి 120 ఓమ్‌లది) జీపీఐఓతో, అంటే సాఫ్ట్‌వేర్ ఆన్ ఆఫ్ చేయగల పిన్నుతో, పెట్టి తీసే సౌకర్యం ఉంది. ఉమ్మడి ఫంక్షన్ ఆ పని ఎలాగూ చేస్తుంది కదా, సొంత కోడ్ ఎందుకని తీసేసి ఉమ్మడిదాన్ని పిలిచాం. రెండు బోర్డుల కొత్త డీటీఎస్‌లోనూ యాక్టివ్-లో అని శుభ్రంగా రాశాం. కోడ్ చిన్నదైంది, అందరం మెచ్చుకున్నాం. పాత బాక్సుల్లో మాత్రం దిశ తిరగబడింది. ఊరికే ఉన్నంతసేపూ ట్రాన్సీవర్ లైన్ని నడుపుతుంది, పంపాల్సిన క్షణంలో వదిలేస్తుంది. మీటర్లు పాపం ఏం చేస్తాయి?

మా పాత డీటీబీలో తప్పు లైను ఒక్కటీ లేదు. లేని లైను అర్థాన్ని మేం మార్చేశాం.

ఇది అర్థమయ్యాక ప్రాపర్టీల్ని చూసే తీరే మారిపోయింది, ముఖ్యంగా బూలియన్ల విషయంలో. డివైస్ ట్రీలో బూలియన్‌కి విలువ ఉండదు, పేరు కనపడితే అవును, కనపడకపోతే కాదు, అంతే. ఎవరైనా పక్కన సున్నా రాసి ఆపేశామనుకుంటే అది ఆగదు, పేరుంది కాబట్టి అవుననే లెక్క. పైగా చిప్ ఉమ్మడి ఫైల్లో ఒకసారి పెట్టిన బూలియన్ని బోర్డు ఫైల్లోంచి తీయాలంటే డిలీట్-ప్రాపర్టీ అని ప్రత్యేకంగా రాయాలి. దీన్నిబట్టి కొత్త బూలియన్ పేరు పెట్టేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏంటంటే, ఈ పేరు లేని బోర్డులన్నీ ఇవాళ ఏం చేస్తున్నాయి? ఇవాళ ఆ ఫీచర్ ఆగి ఉంటే "ఉంది" అని చెప్పే పేరు పెట్టొచ్చు. ఇవాళ నడుస్తూ ఉంటే, ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా, "వద్దు" అని చెప్పే పేరే పెట్టాలి. ఒక్కోసారి అవును, కాదు, ఎవరూ చెప్పలేదు అని మూడు స్థితులు అవసరమవుతాయి, అప్పుడు బూలియన్‌కి పోకుండా సంఖ్య పెట్టుకోవడం మంచిది. ఎస్‌టీఎం32 అనే చిప్పుల సీరియల్ పోర్టుకి ఫైఫో (బైట్లు వరసలో ఆగే చిన్న నిల్వ) థ్రెషోల్డ్ అలాగే పెట్టారు. అది సంఖ్య, రాయకపోతే 8 అని బైండింగ్‌లోనే (ఏ ప్రాపర్టీకి ఏం అర్థమో చెప్పే పత్రంలోనే) ఖాయం చేశారు, 1 రాస్తే థ్రెషోల్డ్ వద్దని అర్థం. లేనప్పుడు ఏం జరుగుతుందో డ్రైవర్ కోడ్ తవ్వకుండానే తెలుస్తుంది.

అసలు ప్రాపర్టీ అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. చిప్పులో పుట్టిన లక్షణం అయితే, అంటే ఫైఫో ఉందా, వేకప్ (నిద్రపోతున్న సిస్టమ్‌ని లేపడం) వస్తుందా లాంటివైతే, అదే చిప్ ఉన్న ప్రతి బోర్డులోనూ అది ఒకటే. దాన్ని కంపాటిబుల్ స్ట్రింగ్ చెప్పేస్తుంది, డ్రైవర్ తన పట్టికలో చూసుకుంటుంది. ఎస్‌టీఎం32కి ఎఫ్7, హెచ్7 అని విడి స్ట్రింగులు ఉన్నది అందుకే. పంపొచ్చా లేదా అని రెండు వైపులా చెప్పుకునే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు కనెక్టర్ దాకా వచ్చాయా లేదా అన్నది బోర్డు గీసినవాడి ఇష్టం, అది ప్రాపర్టీ. ఈ గీత సరిగ్గా గీసుకుంటే చేర్చాల్సిన ప్రాపర్టీల్లో చాలావరకు అక్కర్లేదని తేలిపోతుంది, చేర్చనిదాన్ని జీవితాంతం మోయక్కర్లేదు.

ఆ ఆర్‌టీఎస్, సీటీఎస్ ప్రాపర్టీకే ఒక ముచ్చటైన కథ ఉంది. మొదట్లో ఫ్రీస్కేల్ ఐడాట్‌ఎంఎక్స్ చిప్పులకి కంపెనీ ముందుపేరుతో ఎఫ్‌ఎస్‌ఎల్,యూఆర్ట్-హాజ్-ఆర్‌టీఎస్‌సీటీఎస్ అని ఉండేది, ఎస్‌టీఎం32 వాళ్లు ఎస్‌టీ,హెచ్‌డబ్ల్యూ-ఫ్లో-సీటీఆర్‌ఎల్ అని వేరే పేరు పెట్టుకున్నారు. ఇది అందరికీ ఉండేదే కదా అని తర్వాత యూఆర్ట్-హాజ్-ఆర్‌టీఎస్‌సీటీఎస్ అనే ఉమ్మడి పేరు తెచ్చారు. మరి పాత పేర్లేమయ్యాయి? ఏమీ కాలేదు. ఆ రెండు డ్రైవర్లూ తెరిచి చూడండి, ఈ పేరు గానీ ఆ పేరు గానీ కనపడితే చాలు అనే షరతు, పాతదాని పక్కన డిప్రికేటెడ్ అని చిన్న కామెంట్. అదనంగా అయిన ఖర్చు ఒక్క లైను. ఇలాంటి లైన్లని చెత్త అని ఊడ్చేయాలనుకునేవాళ్లని చూస్తే నాకు గుబులుగా ఉంటుంది, ఎందుకంటే ఆ లైను మీద ఆధారపడ్డవాడు రివ్యూలో ఉండడు, ఎక్కడో ఫ్యాక్టరీ గోడకి మేకేసి బిగించి ఉంటాడు.

క్లాకుల దగ్గర ఇంకో రకం చిక్కు. సినాప్సిస్ కంపెనీ డిజైన్‌వేర్ యూఆర్ట్‌నే (సీరియల్ పోర్టు సర్క్యూట్‌నే) ఎన్నో కంపెనీల చిప్పుల్లో పెట్టారు. కొన్ని పాత వర్ణనల్లో దానికి పేరు లేని ఒకే క్లాక్ ఉంటుంది, లేదా ఫ్రీక్వెన్సీ అంకె నేరుగా రాసేసి ఉంటుంది. బాడ్ రేట్‌కి (సీరియల్ వేగానికి) ఒక క్లాక్, బస్‌కి ఇంకో క్లాక్ విడివిడిగా ఉన్న చిప్పులకి బాడ్‌క్లాక్, ఏపీబీ_పీక్లాక్ అని పేర్లు పెట్టారు. డ్రైవర్ ఏం చేస్తుందంటే, ముందు బాడ్‌క్లాక్ అనే పేరుతో వెతుకుతుంది, దొరక్కపోతే పేరు అడక్కుండా మొదటి క్లాక్‌ని తీసుకుంటుంది, బస్ క్లాక్ లేకపోతే పట్టించుకోదు. అదీ లేక, ఫ్రీక్వెన్సీ అంకె కూడా లేక, వేగం ఏమిటో ఏ దారిలోనూ తెలియకపోతే అప్పుడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. కోడ్ చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు గానీ నాకు చాలా ఇష్టమైన కోడ్ అది. కొత్తగా పేరున్న వస్తువుని చేర్చేటప్పుడు పేరులేని పాతదాన్ని ఎలా చదవాలో అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

ఇంటరప్టులదీ అదే తంతు. చాలా డ్రైవర్లు సున్నాది అసలుది, ఒకటోది వేకప్‌ది అని వరసని బట్టి తీసుకుంటాయి. కొత్తది ఎప్పుడూ చివరే చేర్చాలి, అందంగా ఉంటుందని ముందు పెడితే పాత కెర్నల్‌కీ కొత్త కెర్నల్‌కీ లెక్క తప్పుతుంది.

కంపాటిబుల్ స్ట్రింగ్‌కి వద్దాం. ఇది ఒక జాబితా, ముందు కచ్చితమైన పేరు, తర్వాత "ఇది తెలియకపోతే నన్ను ఇలా అనుకో" అనే పాత పేరు. కొత్త చిప్ పేరు పక్కన ఎన్‌ఎస్16550ఏ అని ఉంటే, కొత్త పేరు ఎరగని కెర్నల్ కూడా పాత డ్రైవర్‌తో కన్సోల్ (బోర్డు తన మెసేజీలు చెప్పే పోర్టు) తెస్తుంది. ఆ చివరి ఏ అక్షరానికి విలువుంది. మొదట వచ్చిన 16550 చిప్పులో ఫైఫో సరిగ్గా పనిచేయక దాన్ని వాడుకోలేని పరిస్థితి, బాగుచేసి వదిలినదే 16550ఏ. ఒక్క అక్షరం తేడా, దాన్ని నమ్మి డ్రైవర్ ఫైఫో ఆన్ చేస్తుంది. అందుకే "దాదాపు అలాంటిదే" అని పాత పేరు తగిలించకూడదు. పాత డ్రైవర్ మన కొత్త చిప్ మీద, కొత్త ఫీచర్లు ముట్టకుండా, పూర్తిగా పనిచేస్తేనే ఆ పేరు రాయాలి. మొదటి రోజునుంచే బోర్డుకి కచ్చితమైన పేరు ముందు పెట్టుకుంటే ఇంకో లాభం, రేపు ఏదైనా బగ్ బయటపడితే డీటీబీని ముట్టకుండా ఆ పేరు చూసి డ్రైవర్‌లో సర్దుబాటు చేయొచ్చు. మమ్మల్ని చివరికి కాపాడింది ఇదే, అక్కడికే వస్తున్నా.

ఇంతా చేసి కెర్నల్ లోపలంతా సరిగ్గా ఉన్నా బయట ప్రోగ్రాములు విరిగే దారి ఒకటుంది. 2017లో 4.11 కెర్నల్‌తో సెర్‌డెవ్ వచ్చింది. సీరియల్ పోర్టుకి అవతల బ్లూటూత్ చిప్పో జీపీఎస్సో శాశ్వతంగా అంటించి ఉంటే, దాన్ని డివైస్ ట్రీలో పోర్టు నోడ్ (ఆ పరికరం పద్దు) కింద పిల్ల నోడ్‌గా రాస్తే కెర్నలే దాన్ని నడుపుతుంది. చాలా మంచి సౌకర్యం. అయితే ఆ పిల్ల నోడ్ రాసిన క్షణం ఆ పోర్టు టీటీవై ఫైలు (పోర్టుని తెరవడానికి వాడేది) యూజర్ స్పేస్‌లో, అంటే మామూలు ప్రోగ్రాములకి, కనపడకుండా పోతుంది. అప్పటిదాకా ఆ ఫైలు తెరిచి బ్లూటూత్ లేపుతున్న స్క్రిప్టు దిక్కుతోచక నిలబడుతుంది. ఇక్కడ మార్చింది డివైస్ ట్రీయే, విరిగింది కెర్నల్ కాదు, దానిమీద కూర్చున్నది. ఇలాంటిదే రాస్ప్‌బెర్రీ పై 3తో 2016లో చాలామందికి అనుభవమైంది. మంచి పీఎల్011 పోర్టుని బ్లూటూత్‌కి ఇచ్చి, బయటి పిన్నులకి మినీ యూఆర్ట్ ఇచ్చారు, పాత పేరు నేరుగా రాసుకున్న ప్రోగ్రాములు తప్పు పోర్టుతో మాట్లాడాయి. సీరియల్0, సీరియల్1 అనే లింకులు పెట్టాక ఊపిరి పీల్చుకున్నారు.

కొత్త డీటీబీ మీద పాత కెర్నల్ నడవాలన్నది ఎవరూ గట్టిగా హామీ ఇవ్వరు గానీ, అప్‌డేట్ విఫలమై పాత కెర్నల్‌కి వెనక్కి వచ్చే ఏ బాక్సుకైనా అది ప్రాణం మీది సంగతే. తెలియని ప్రాపర్టీని కెర్నల్ పట్టించుకోదు కాబట్టి మామూలుగా భయం లేదు. భయమల్లా ఇంకో నోడ్‌ని చూపించే ప్రాపర్టీలతో. సీరియల్ పోర్టుకి పవర్-డొమైన్స్ అని ఒక లైను కలిపారనుకోండి, ఆ పవర్ కంట్రోలర్ డ్రైవర్ పాత కెర్నల్‌లో లేదనుకోండి, అది వస్తుందేమోనని పోర్టు ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. అది కన్సోల్ పోర్టే అయితే ఏం జరిగిందో చెప్పడానికి దానికి నోరు కూడా ఉండదు.

ఇవన్నీ పట్టుకునే టూల్ లేదా అంటే సగం ఉంది. 2018 నుంచి బైండింగులు యామల్ స్కీమాల్లోకి (టూల్ చదివి సరిచూడగల నియమాల్లోకి) మారుతూ వస్తున్నాయి, మేక్ డీటీబీఎస్_చెక్ కొడితే స్పెల్లింగ్ తప్పులు, ఉండకూడని ప్రాపర్టీలు, వరస తప్పిన క్లాకులు అన్నీ బయటపడతాయి. వాడండి, నేను రోజూ వాడతాను. కానీ అది చూసేది కొత్త డీటీఎస్‌నీ కొత్త స్కీమానీ. మూడేళ్ల కిందట ఫ్లాష్‌లో రాసి పంపిన డీటీబీ దానికి తెలియదు, ఖాళీని డ్రైవర్ ఎలా అర్థం చేసుకుంటుందో అంతకన్నా తెలియదు. మా కొత్త డీటీఎస్ ఆ పరీక్ష ఒక్క వార్నింగ్ లేకుండా పాసైంది.

మేం చేసిన రిపేరు ఇది. పాత బోర్డు కంపాటిబుల్ స్ట్రింగ్ అదృష్టవశాత్తూ కచ్చితంగా రాసి ఉంది కాబట్టి, డ్రైవర్ పట్టికలో దాని పక్కన దిశకి పాత డిఫాల్ట్ పెట్టాం. ఆ పేరుతో వచ్చినప్పుడు ఏమీ రాయకపోతే లో అనే అర్థం. కొత్త బోర్డు పేరుకి ఉమ్మడి నియమమే. తర్వాత పనిచేస్తున్న ప్రతి రకం బాక్సులోకీ లాగిన్ అయి, స్లాష్ సిస్ స్లాష్ ఫర్మ్‌వేర్ స్లాష్ ఎఫ్‌డీటీ అనే ఫైలుని కాపీ చేసుకున్నాం. బూట్‌లోడర్ ఇచ్చిన డీటీబీ బైనరీ అక్కడ దొరుకుతుంది, డీటీసీ అనే డివైస్ ట్రీ కంపైలర్‌తో దాన్ని మళ్లీ చదవగలిగే రూపంలోకి తిప్పొచ్చు. మా రిపాజిటరీలో ఉన్న పాత డీటీఎస్‌కీ బాక్సులోంచి వచ్చినదానికీ రెండు చోట్ల తేడా ఉంది, అంటే తయారీ రోజున ఎవరో చేత్తో మార్చి కమిట్ చేయడం మర్చిపోయారు. ఇప్పుడు ఆ బైనరీలే అసలు ప్రతులు. కొత్త కెర్నల్ ఏది తయారైనా బల్ల మీద బోర్డుని వరసగా వాటన్నిటితో బూట్ చేసి, డ్రైవ్ ఎనేబుల్ పిన్ మీద లాజిక్ ఎనలైజర్ క్లిప్పు పెట్టి చూస్తాం. ఊరికే ఉన్నప్పుడు కిందే ఉండాలి, మొదటి బైట్‌కి ముందు లేవాలి, ఆఖరి స్టాప్ బిట్ తర్వాత దిగాలి.

రిపేర్ చేసిన కెర్నల్ని ఆ రాత్రి పన్నెండు దాటాక పంపాం. బాక్సులు ఒక్కొక్కటే రీబూట్ అయ్యాయి. కుర్రాడు తీగలు ఊడదీసిన మిల్లుకి మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి, ఎలక్ట్రీషియన్‌తో ఆ రెండూ మళ్లీ బిగింపజేశాం. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టేలోపే మొదటి మీటర్ రీడింగ్ వచ్చేసింది.